సవరణ: ఎల్బ్రస్ గురించి నేను రాసింది తప్పు

పోయిన వారం రష్యాలోని ఎల్బ్రస్ పర్వతం ఎక్కడం గురించి రాస్తూ, "కిలిమంజారో ఎక్కినవాళ్లకు ఇది సులువే, ఎత్తు కూడా తక్కువ" అన్నాను. ఎత్తు వరకు నిజమే. కిలిమంజారో 5,895 మీటర్లు, ఎల్బ్రస్ 5,642. కానీ సులువు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. అది చదివి గుంటూరు నుంచి ఒక తమ్ముడు బూట్లకు ముళ్లు అక్కర్లేదా అని అడిగాడు. అప్పటి నుంచి నాకు టెన్షన్‌గానే ఉంది.

తప్పకుండా కావాలి తమ్ముడూ. కిలిమంజారో మామూలు దారిలో చాలావరకు మట్టి, రాళ్లే. ఎల్బ్రస్ పైభాగమంతా హిమానీనదం. గట్టి మంచు మీద బూట్లకు క్రాంపాన్లు (నువ్వడిగిన ముళ్లు ఇవే), చేతిలో ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి) ఉండాలి. జారితే ఆ గొడ్డలితో ఎలా ఆగాలో ముందే నేర్చుకోవాలి. మంచు కింద కనిపించని పగుళ్లుంటాయి. పొగమంచు కమ్మి దారి తప్పితే నేరుగా వాటి మీదికే వెళ్తాం. గైడ్ అవసరం ముఖ్యంగా అక్కడే. ఆయన వెనక్కి తిరగమంటే, శిఖరం ఎదురుగా కనిపిస్తున్నా తిరగాల్సిందే.

ఇంద్రకీలాద్రి మెట్లు రోజూ ఎక్కితే చాలని కూడా రాశాను. కాళ్లకు బలం వస్తుంది, అంతే. ఎల్బ్రస్ శిఖరం మీద గాలి పీడనం మన విజయవాడలో ఉండే దాంట్లో సుమారు సగం. దానికి ఒళ్లు అలవాటు పడేది కొండ మీద గడిపే రోజుల్లోనే, ఇక్కడ కాదు.

ఎల్బ్రస్‌ను "చల్లారిన అగ్నిపర్వతం" అని నేను రాసిందీ సరికాదు. అది నిద్రాణంగా ఉంది, అంటే మళ్లీ ఎప్పుడైనా మేలుకోవచ్చు.