ప్రవక్త్రి అంటే ప్రవక్త భార్య కాదు

ఈ ఉదయం మా స్త్రీల కూడికకు వాక్యం చెప్పడానికి వచ్చిన ఒక పెద్దాయన లూకా సువార్త 2:36 చదివి, అన్న అనే వృద్ధురాలిని ‘ప్రవక్త్రి’ అని పిలిచిన చోట ఆగి, గ్రీకులో ఆ మాటకు ప్రవక్త భార్య అనే అర్థమని చెప్పి పుట తిప్పేశారు. ముందు వరుసలోని అక్కలు దాన్ని నోటుపుస్తకాల్లో రాసుకుంటుంటే నా కడుపు రగిలిపోయింది. అక్కడ నోరెత్తనివ్వలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఆ గ్రీకు మాట ‘ప్రొఫేతిస్’. ప్రవక్త అనే అర్థమున్న ‘ప్రొఫేతేస్’కు అది స్త్రీలింగ రూపం, అంతే. దేవుని పక్షాన జనం ఎదుట పలికే స్త్రీ అని దాని భావం. క్రీస్తుకు దాదాపు నాలుగు శతాబ్దాల ముందే గ్రీకు తత్వవేత్త ప్లేటో తన ‘ఫైద్రస్’ గ్రంథంలో డెల్ఫీ గుడిలో అపొల్లో దేవుని మాట పలికే స్త్రీని ఇదే మాటతో పేర్కొన్నాడు. ఆమెకు ఆ పేరు పలికినందుకు వచ్చింది గాని ఎవరినో పెళ్లాడినందుకు కాదు.

మన తెలుగు బైబిలు అనువాదకులకు ఈ సంగతి బాగా తెలుసు. కర్తకు కర్త్రి ఎలాగో ప్రవక్తకు ప్రవక్త్రి అలాగే. గురువు భార్యను చెప్పాలంటే సంస్కృతంలో ‘ఆచార్యానీ’ అని వేరే రూపమే ఉంది, తానే బోధించే స్త్రీ ‘ఆచార్యా’. ఇంత స్పష్టమైన తేడా ఉన్న నుడికారంలో పెరిగిన మనకే ఈ తప్పు చెప్పడం మరీ బాధగా ఉంది.

అన్న ఏడేళ్లు మాత్రమే కాపురం చేసి విధవరాలైందని లూకా తర్వాతి మాటల్లోనే రాశాడు. ఆ భర్త ప్రవక్త అని ఎక్కడా లేదు. ప్రవక్త్రి దెబోరా భర్త లప్పీదోతును కూడా బైబిలు ప్రవక్త అనదు. ఫిలిప్పు నలుగురు కుమార్తెలు ప్రవచించేవారని అపొస్తలుల కార్యములు 21:9 చెబుతుంది, వారు కన్యకలు! యెషయా 8:3లోని ప్రవక్త్రి యెషయా ప్రవక్త భార్యే అనుకున్నా, భార్య కావడం వల్లనే ఆ పేరు వచ్చిందని అక్కడ ఒక్క మాట కూడా లేదు.

అన్నిటికన్నా 2 రాజులు 22లోని ప్రవక్త్రి హుల్దా సంగతి నన్ను కలచివేస్తుంది. మందిరంలో ధర్మశాస్త్ర గ్రంథం దొరికినప్పుడు యోషీయా రాజు పంపిన మనుషులు, యాజకుడైన హిల్కీయాతో సహా, ఆమె దగ్గరికే వెళ్లారు. యిర్మీయా అప్పటికే ప్రవచిస్తున్నాడు, అయినా ఆమెనే అడిగారు. ఆమె భర్త షల్లూము వస్త్రశాలను చూసుకునే కుటుంబంవాడే గాని ప్రవక్త అని అక్కడ లేదు. చాలా ఏళ్ల కిందట మా అమ్మ ఇదే అధ్యాయం తెరిచి, స్త్రీలు వాక్యం ఎందుకు చెప్పకూడదని ఒక కూడికలో అడిగితే, "నువ్వు పాట ఎత్తుకో అమ్మా, చాలు" అన్నారు. అమ్మ ఆ రోజు పాట ఎత్తుకోలేదు, బైబిలు మూసి ఒళ్లో పెట్టుకుని ప్రార్థన ముగిసేదాకా అలాగే కూర్చుంది.

ఆ పెద్దాయన వచ్చే వారం మళ్లీ వస్తారట. ఆ అక్కల ముందే ఆ మాట సరిదిద్దాలి, వాళ్లు నోటుపుస్తకాల్లో రాసుకున్నది కొట్టివేయించాలి.