ప్యానెళ్లు ఎప్పుడైనా కొనుక్కోవచ్చు, ఇంటి దిక్కు మార్చలేం

ఇల్లు కట్టుకోబోయేవారు సౌరశక్తి గురించి అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: ఎన్ని కిలోవాట్లు పెట్టించాలి? నా దృష్టిలో అది చివర అడగాల్సిన ప్రశ్న. ప్యానెళ్లు ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు బిగించుకోవచ్చు. చేతిలో డబ్బు ఆడినప్పుడు నాలుగు పెట్టి, తర్వాత మరో నాలుగు పెంచుకోవచ్చు. 1954లో బెల్ ల్యాబ్స్ శాస్త్రవేత్తలు చూపించిన సిలికాన్ సెల్ తన మీద పడిన ఎండలో సుమారు 6 శాతాన్నే కరెంటుగా మార్చింది. ఇవాళ ఇళ్ల మీద పెట్టే మంచి ప్యానెల్ 20 నుంచి 22 శాతం మారుస్తోంది. కొన్నాళ్లు ఆగినా నష్టం లేదు, దొరికే సరుకు మెరుగవుతూనే ఉంది.

ఇల్లు ఏ దిక్కుకు పొడవుగా సాగాలి, పెద్ద కిటికీలు ఏ గోడకు రావాలి, నీళ్ల ట్యాంకు డాబా మీద ఏ మూలన కూర్చోవాలి అన్న విషయాలు మాత్రం అలా కావు. అవి ఒక్కసారే తేలిపోతాయి. జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో రోల్ఫ్ డిష్ అనే ఆర్కిటెక్ట్ 1994లో సూర్యుడి వెంట తిరిగే ఇల్లు కట్టాడు. మిగతావాళ్లం కదలని ఇళ్లలోనే ఉంటాం కాబట్టి, ఇల్లు ఎటు చూడాలో ప్లాను కాగితం మీదే తేల్చుకోవాలి.

ఈ ఆలోచన చాలా పాతది. గ్రీసులోని ఒలింథస్ పట్టణాన్ని క్రీ.పూ. 5వ శతాబ్దంలో విస్తరించినప్పుడు, ఇళ్లలో ముఖ్యమైన గదులు నడిమి వాకిలికి ఉత్తరాన, దక్షిణం వైపు తెరుచుకునేలా కట్టారని తవ్వకాల్లో బయటపడింది. సోక్రటీసు చెప్పినట్టు మనకు అందిన మాటల్లోనూ ఇదే ఉంది: దక్షిణానికి చూసే ఇంట్లో చలికాలపు ఎండ వసారాలోకి వస్తుంది, వేసవిలో సూర్యుడు నెత్తి మీదుగా పోయి నీడనిస్తాడు, కాబట్టి దక్షిణపు వైపు ఎత్తుగా, ఉత్తరం వైపు తక్కువ ఎత్తులో కట్టుకోవాలి. గాజు పలకలు, ఇన్వర్టర్లు ఏవీ లేని కాలంలో చూసి నేర్చుకున్న సంగతి ఇది.

దీని వెనకున్న లెక్క తేలిక. భూమి అక్షం సుమారు 23.5 డిగ్రీలు ఒరిగి ఉంటుంది. అందుకే మిట్టమధ్యాహ్నం సూర్యుడి ఎత్తు ఏడాది పొడవునా మారుతూ ఉంటుంది. 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీదున్న ఊళ్లో జూన్ 21న సూర్యుడు 73.5 డిగ్రీల ఎత్తుకు ఎక్కుతాడు, డిసెంబరు 21న 26.5 డిగ్రీల దగ్గరే ఆగిపోతాడు. అక్కడ దక్షిణపు గోడకు 5 అడుగుల ఎత్తున్న కిటికీ పెట్టి, దాని పై అంచుకు ఒక అడుగు ఎగువన 2 అడుగుల సజ్జా వేశామనుకుందాం. జూన్ మధ్యాహ్నం ఆ సజ్జా నీడ ఆరున్నర అడుగులు దాటి కిందికి దిగుతుంది, కిటికీ మొత్తం నీడలో ఉంటుంది. డిసెంబరులో అదే నీడ ఒక్క అడుగు దిగి సరిగ్గా కిటికీ పై అంచు దగ్గర ఆగుతుంది, ఎండంతా గదిలోకి వస్తుంది. కదిలే భాగం ఒక్కటీ లేదు, చెడిపోయేది ఏదీ లేదు. ఒక సజ్జా కొలత సరిగ్గా చూసుకుంటే ఇల్లున్నన్నాళ్లూ పనిచేసే ఏర్పాటు ఇది.

అయితే ఆ కొలతను ఎవరి ఇంటి నుంచో, పత్రికలో వచ్చిన ఫోటో నుంచో ఎత్తుకొస్తే కుదరదు. 17 డిగ్రీల అక్షాంశం దగ్గర డిసెంబరులో కూడా సూర్యుడు 49 డిగ్రీలు దాటి ఎక్కుతాడు. అదే సజ్జా అక్కడ 2 అడుగులకు పైగా నీడ వేస్తుంది. జూన్‌లో మధ్యాహ్నపు సూర్యుడు కొంచెం ఉత్తరానికి జరుగుతాడు కాబట్టి ఉత్తరపు కిటికీలకు కూడా సజ్జా కావాలి. దక్షిణార్ధగోళంలో ఉండేవారు ఇదంతా ఉత్తరం వైపుకు తిప్పి చదువుకోవాలి. చలి ప్రాంతంలో ఎండను లోపలికి పిలవాలి, వేడి ప్రాంతంలో వెలుతురును రానిచ్చి వేడిని బయటే ఆపాలి. లెక్క ఒకటే అయినా కావాల్సిన ఫలితం వేరు.

ఎక్కువమంది పట్టించుకోని గోడ పడమటిది. సాయంత్రపు సూర్యుడు కిందికి దిగి నేరుగా గదిలోకి చూస్తాడు. అడ్డంగా వేసిన సజ్జా ఎంత పొడవున్నా ఆ ఎండను ఆపలేదు. పైగా రోజు మొత్తంలో గాలి బాగా వేడెక్కి ఉండే సమయం కూడా అదే. వేసవిలో పడమటి వైపు పడకగది ఉన్న ఇంట్లో రాత్రి పది గంటలకు లోపలి గోడ మీద చెయ్యి పెట్టి చూడండి, ఇంకా వెచ్చగా తగులుతుంది. ఇటుక గోడ ఎండను తాగి, కొన్ని గంటల తర్వాత లోపలికి వదులుతుంది. ఆ గంటలు సరిగ్గా నిద్రవేళకు పడతాయి. ఆ వేడిని తోసేయడానికి ఏసీ, ఏసీని నడపడానికి ఇంకో రెండు ప్యానెళ్లు. దానికి బదులు పడమటి వైపు మెట్లు, స్నానాల గది, సామాన్ల గది పెడితే పైసా ఖర్చు లేకుండా సగం టెన్షన్ పోతుంది. కిటికీ తప్పనిసరి అయితే చిన్నది పెట్టి, బయట నిలువు పలకలు గాని, మూసుకునే తలుపులు గాని అమర్చాలి. నీడ ఎప్పుడూ అద్దానికి బయటే ఉండాలి. లోపలి కర్టెన్ దాకా చేరిన ఎండలో చాలా భాగం గదిని వేడెక్కించేస్తుంది.

చలి ప్రాంతాల్లో జరిగే పొరపాటు దీనికి పూర్తిగా తిరుగు. ఎండ మంచిదని దక్షిణపు గోడ మొత్తం అద్దంతో నింపేస్తారు. పగలు గది కొలిమిలా కాగుతుంది, రాత్రి అదే అద్దం గుండా వేడంతా బయటికి పోతుంది. పగటి వేడిని రాత్రి దాకా దాచుకోవడం దగ్గరే అసలు చిక్కు ఉంది. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 1948లో శాస్త్రవేత్త మరియా టెల్కెష్, ఆర్కిటెక్ట్ ఎలినార్ రేమండ్ కలిసి డోవర్‌లో ఒక ఇల్లు కట్టారు. ఎండ వేడికి కరిగి, రాత్రి గడ్డకడుతూ ఆ వేడిని తిరిగిచ్చే గ్లాబర్ లవణాన్ని డబ్బాల్లో నింపి గోడల మధ్య పెట్టారు. మొదట్లో బాగానే నడిచింది. కొన్ని శీతాకాలాలు గడిచాక లవణం పొరలుగా విడిపోయి వేడిని పట్టుకోవడం మానేసింది, చివరికి మామూలు హీటర్ పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ ప్రయత్నం మీద నాకు గౌరవమే. అలాంటివాళ్లు తెగించి చేసి చూడబట్టే మిగతావాళ్లకు దారి తెలిసింది. కానీ సొంత ఇల్లు కట్టుకునేవారికి నేను చెప్పేది మందపాటి రాతి నేల, నిండు ఇటుక గోడ వంటి మొండి వస్తువులనే నమ్ముకోమని.

వేడిని ఎలా దాచాలన్న ప్రశ్నకు తర్వాత దొరికిన మంచి జవాబు, వేడిని అసలు పోనివ్వకుండా చూడటం. 1991లో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో కట్టిన తొలి పాసివ్ హౌస్ ఆ దారిలోనే నడిచింది. మందమైన ఇన్సులేషన్, మూడు పొరల అద్దాలు, గాలి జారిపోని కట్టుబడి ఉంటే వేడి కోసం పెట్టే శక్తిని ఏడాదికి చదరపు మీటరుకు 15 యూనిట్లకు మించకుండా చూడవచ్చని పాసివ్ హౌస్ ప్రమాణం చెబుతుంది. అవసరం అంతగా తగ్గాక, మిగిలినదాన్ని తీర్చడానికి కప్పు మీది ఎండ చాలావరకు సరిపోతుంది. అవసరం తగ్గించకుండా ప్యానెళ్లు పెంచుకుంటూ పోయేవారికి ఎంత పెద్ద కప్పున్నా చాలదు.

ఇక కప్పు సంగతి. ప్లానులో అందరికంటే చివర గుర్తొచ్చేది ఇదే. నీళ్ల ట్యాంకు, మెట్ల గది, డిష్ యాంటెన్నా, పిట్టగోడ ఎవరికి తోచిన చోట వాళ్లు పెట్టేస్తారు, మిగిలిన ముక్కల్లో ప్యానెళ్లు సర్దుతారు. ప్యానెల్‌కు నీడంటే ఎంత పడదో చూస్తే ఇది ఎంత పెద్ద నష్టమో అర్థమవుతుంది. ప్యానెల్ లోపల సెల్స్ ఒకదాని వెనక ఒకటి వరుసగా కలిపి ఉంటాయి. ఒక్క సెల్ మీద నీడ పడితే ఆ వరుసలో కరెంటు ప్రవాహానికే అడ్డు పడుతుంది. అందుకే సాధారణంగా ప్యానెల్‌లో మూడు బైపాస్ డయోడ్లు పెడతారు, నీడ పడిన మూడోవంతును తప్పించి మిగతాది నడుస్తుంది. ఇప్పుడు పిట్టగోడ నీడ ప్యానెల్ కింది అంచు మీద అరచెయ్యి మందాన పడిందనుకోండి. పాత తరహా ప్యానెల్‌ను నిలువుగా బిగించి ఉంటే ఆ సన్నటి పట్టీ మూడు భాగాలనూ తాకుతుంది, ప్యానెల్ దాదాపు పడుకున్నట్టే. అడ్డంగా బిగించి ఉంటే ఒక్క భాగమే పోతుంది. ఇప్పుడొస్తున్న హాఫ్‌కట్ ప్యానెళ్లలో పై సగం, కింది సగం విడివిడిగా పనిచేస్తాయి కాబట్టి నిలువుగా బిగించినా పై సగం నిలబడుతుంది. ఒక్కో ప్యానెల్‌కు విడిగా బిగించే చిన్న మైక్రో ఇన్వర్టర్లు పెడితే ఒక ప్యానెల్ నష్టం పక్కదానికి అంటదు. ఇవన్నీ ఉపయోగపడేవే. అయినా ట్యాంకును, మెట్ల గదిని ఉత్తరపు అంచుకు జరిపితే (దక్షిణార్ధగోళంలో దక్షిణపు అంచుకు) ఈ బాధలో చాలా భాగం మొదలే కాదు.

వేడి కూడా ప్యానెల్‌కు శత్రువే. కంపెనీలు చెప్పే సామర్థ్యం సెల్ వేడి 25 డిగ్రీలున్నప్పటిది. ఆపైన ఒక్కో డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం దాకా ఉత్పత్తి తగ్గుతుంది. మండే ఎండలో సెల్ 65 డిగ్రీలకు చేరడం మామూలే, అంటే 12 నుంచి 16 శాతం నష్టం. కప్పుకు అతికించినట్టు కాకుండా కింద గాలి ఆడేలా ఎత్తి బిగిస్తే ఈ నష్టం కొంత తగ్గుతుంది, కప్పుకూ నీడ దొరుకుతుంది. ఫ్రేముతో కలిపి చదరపు మీటరుకు దాదాపు 15 కిలోలు ఉండే బరువు స్లాబుకు పెద్ద లెక్క కాదు. గాలివాన ఎత్తిపడేయకుండా పట్టుకోవడమే అసలు పని. అందుకే స్టాండ్లు నిలిపే దిమ్మెలు స్లాబుతో పాటే పోయించి, వాటర్‌ప్రూఫింగ్ ఆ తర్వాత చేయించాలి. పాతికేళ్లు ఉండే ప్యానెళ్ల కింద పదేళ్లకే కప్పు కారడం మొదలైతే అన్నీ విప్పి మళ్లీ బిగించాలి. కప్పు నుంచి మీటరు దాకా ఒక ఖాళీ పైపు కూడా గోడలో అప్పుడే వేయించుకోవాలి, ప్యానెళ్లు పదేళ్ల తర్వాత కొన్నా సరే.

వేడినీళ్ల విషయంలో నా అభిప్రాయం ఈ మధ్య మారింది. 100 లీటర్ల నీళ్లను 20 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు కాచడానికి సుమారు 4.6 యూనిట్లు కావాలి. మామూలు గీజర్‌తో అయితే బాగా ఎండకాసే చోట ఒక కిలోవాట్ ప్యానెళ్ల రోజు ఉత్పత్తి దాదాపు మొత్తం దానికే పోతుంది. అదే పనిని 2 చదరపు మీటర్ల సోలార్ వాటర్ హీటర్ నేరుగా చేస్తుంది. అందుకే చాలాకాలం వాటర్ హీటర్‌కే మొగ్గేవాణ్ని. కానీ చుట్టూ ఉన్న గాలిలోని వేడిని లాగి నీళ్లకిచ్చే హీట్ పంప్ గీజర్ ఆ 100 లీటర్లను దాదాపు ఒకటిన్నర యూనిట్లతో కాస్తుంది. కప్పు విశాలంగా ఉంటే ప్యానెళ్లు, హీట్ పంప్ జోడీ మేలు. చోటు ఇరుకైతే ఇప్పటికీ వాటర్ హీటరే నయం. ఏది పెట్టినా స్నానాల గదులు, వంటగది దానికి దగ్గరగా ఉండాలి. అర అంగుళం పైపు 20 మీటర్ల దూరం సాగితే కుళాయి తిప్పిన ప్రతిసారీ రెండున్నర లీటర్ల చల్లారిన నీళ్లు ముందు బయటికి పోవాలి.

మధ్యాహ్నం పండిన కరెంటు సాయంత్రం వాడుకోవాలంటే ఎలా? చాలాచోట్ల గ్రిడ్‌కు అమ్మిన యూనిట్‌కు వచ్చేదానికన్నా కొన్న యూనిట్‌కు కట్టేది ఎక్కువ. కాబట్టి నీళ్లు కాచడం, బట్టలు ఉతకడం, మోటారు వేయడం పగటికి మార్చుకోవడమే చవకైన బ్యాటరీ. ప్యానెళ్లు కొన్ని పడమటికి తిప్పితే మొత్తం ఉత్పత్తి కొద్దిగా తగ్గినా సాయంత్రం దాకా సాగుతుంది. ఇంకో సంగతి ముందే తెలియాలి: బ్యాటరీ లేని మామూలు గ్రిడ్ ఇన్వర్టర్, కరెంటు పోగానే ఆగిపోతుంది, ఎంత ఎండ కాస్తున్నా సరే. లైన్ మీద పనిచేసే మనిషికి షాక్ కొట్టకుండా అలా చేశారు. పవర్ కట్‌లో కూడా లైట్లు వెలగాలనుకుంటే బ్యాటరీకి ఎండ తగలని, గాలి ఆడే చోటు ప్లానులోనే ఉండాలి.

ఇవన్నీ సరిగ్గా చేసుకున్నా మన చేతుల్లో లేనిది పక్క స్థలం. ఇంగ్లండ్‌లో ఒక కిటికీకి 20 ఏళ్లు అడ్డులేకుండా వెలుతురు వస్తే దానికి హక్కు ఏర్పడే పద్ధతి ఉంది. కాలిఫోర్నియాలో 1978లోనే, పొరుగువారి చెట్లు సోలార్ పరికరాలకు నీడ వేయకుండా చట్టం తెచ్చారు. అలాంటి రక్షణ లేని చోట ఇవాళ పక్కన ఖాళీ స్థలం కనబడిందని దాన్ని ఎండలా లెక్కేయకూడదు. అక్కడ నిబంధనలు అనుమతించినంత ఎత్తు భవనం లేచినట్టే ఊహించుకుని, డిసెంబరు 21న ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా దాని నీడ ఎక్కడ పడుతుందో ఆర్కిటెక్ట్ చేత గీయించుకుని (దక్షిణార్ధగోళంలో జూన్ 21న), ఆ గీతకు అవతల మిగిలిన కప్పు ఎంతో చూశాకే ఎన్ని కిలోవాట్లన్న ప్రశ్న అడగాలి.