రంపానికి రసీదు ఇస్తారా?

ముందు మిషను బిగించుకో, కరెంటు తెచ్చుకో, పదేళ్లు దుంగలు కోసుకో. ఎవరైనా అడిగితే అప్పుడు చూసుకుందాం. ఉత్తరాంధ్రలో కలప కోత వ్యాపారంలో చాలామందికి ఇంతకాలం ఇదే లైసెన్సు. ఇప్పుడు దీన్నే కాగితం మీదికి ఎక్కించుకోవాలని చూస్తున్నారు. అనుమతి లేని సామిల్లులకు అపరాధ రుసుం వేసి క్రమబద్ధీకరించాలన్న బేరం మళ్లీ మొదలైంది. విశాఖ నుంచి నర్సీపట్నం వెళ్లే దారిలో రేకుల షెడ్లను, వాటి వెనక పొట్టు గుట్టలను చూసినవారికి మిగతాదంతా తెలిసిందే.

మిల్లు మూస్తే కూలీలు రోడ్డున పడతారని, లైసెన్సు కోసం ఏళ్లకేళ్లు తిరగలేమని, తాము కోసేదంతా రైతుల తోటల కర్రేనని యజమానులు అంటున్నారు. అందులో నిజం లేకపోలేదు. అలాగైతే లైసెన్సు త్వరగా ఇమ్మని అడగాలి. ఎగ్గొట్టినవాడికి తాంబూలంలో పెట్టి ఇమ్మంటే ఎలా?

ఈ రాష్ట్రానికి క్రమబద్ధీకరణ అనుభవం తక్కువేమీ కాదు. అక్రమ భవనాలకు 2007లో బీపీఎస్ తెచ్చారు, అంటే రుసుం కట్టించుకుని క్రమబద్ధీకరించే పథకం. అదే ఆఖరన్నారు. 2015లో మళ్లీ తెచ్చారు. ఈ మధ్యలో ప్లాను ప్రకారం కట్టుకున్నవాడు వెర్రివాడయ్యాడు, అదనపు అంతస్తు వేసినవాడు తెలివైనవాడయ్యాడు. అయినా అక్రమ అంతస్తు కంటికి కనిపిస్తుంది, కావాలంటే టేపు పెట్టి కొలవచ్చు. కోసేసిన చెట్టును ఎక్కడికెళ్లి కొలుస్తారు? భవనాల విషయంలో వేసిన తప్పటడుగునే రంపాల విషయంలోనూ వేస్తే, ఈసారి చూడ్డానికి ఆనవాలు కూడా మిగలదు.

ఈ వ్యాపారానికి చట్టం లేక కాదు. అటవీ చట్టం 1967 నాటిది. సామిల్లుల నియంత్రణ నియమాలు 1969లో, అటవీ ఉత్పత్తుల రవాణా నియమాలు 1970లో వచ్చాయి. అడవుల నరికివేతపై నడిచిన గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 12న ఇచ్చిన ఉత్తర్వుతో దేశమంతా కలప వ్యాపారం ఉలిక్కిపడింది. సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ ముందస్తు అనుమతి లేకుండా కొత్త సామిల్లు గానీ, వెనీర్ (పలుచటి కలప పొర), ప్లైవుడ్ ఫ్యాక్టరీ గానీ తెరవనివ్వొద్దని 2002 అక్టోబరు 30న అదే కోర్టు మళ్లీ చెప్పింది. 2015లో ఆ అధికారం రాష్ట్రస్థాయి కమిటీలకు వచ్చింది, 2016 నవంబరులో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. ముందు కలప లభ్యత తేల్చుకోండి, ఆ తర్వాతే లైసెన్సు అన్నది వాటి సారం. ఎంత కర్ర ఉందో చూసి ఎన్ని రంపాలో నిర్ణయించాలి. ఎన్ని రంపాలు తిరుగుతున్నాయో చూసి అన్నింటికీ రసీదు రాయడమంటే ఆ వరసను తలకిందులు చేయడమే.

నిబంధనలకు తలవంచి నడిచిన పాత మిల్లుల గతి ఏమైందో కూడా గుర్తుచేయాలి. ఒకప్పుడు గుంత తవ్వి, దాని మీద దుంగను అడ్డంగా పెట్టి, పైన ఒకరు కింద ఒకరు నిలబడి రంపం లాగేవారు. కింది మనిషి కళ్లనిండా పొట్టే. ఆ గుంతల చోటికి మోటారు రంపాలు వచ్చాయి. రైల్వే స్లీపర్లు, 1933లో తెరిచిన విశాఖ రేవు, పడవలు, ప్యాకింగ్ పెట్టెలు, పెంకుటిళ్ల దూలాలు, వాసాలు వాటికి పని పెట్టాయి. తర్వాత స్లీపర్లు కాంక్రీటువయ్యాయి. 1993లో కేంద్ర ప్రజాపనుల శాఖ తన నిర్మాణాల్లో కలప వాడకాన్ని నిషేధించింది. 2014 ఏప్రిల్ 1 నుంచి మయన్మార్ దుంగల ఎగుమతి ఆపేయడంతో బర్మా టేకు మీద బతికిన డిపోలు ఉక్కిరిబిక్కిరయ్యాయి. కిటికీలు అల్యూమినియానికీ, యూపీవీసీ ప్లాస్టిక్‌కీ మారాయి. ఇన్ని దెబ్బలు తిని కూడా లైసెన్సు పునరుద్ధరించుకుంటూ, ఎంత కర్ర వచ్చిందో ఎంత కోశారో రిజిస్టరు రాసుకుంటూ వచ్చినవాడికి, రుసుం కట్టి రేపు పక్కన దుకాణం తెరిచేవాడికి తేడా ఏమిటో ప్రభుత్వమే చెప్పాలి.

రిజిస్టరు అంటే ఏదో గుమాస్తా తంతు అనుకునేవారి కోసం ఒక లెక్క. దుంగ చుట్టుకొలతను అంగుళాల్లో తీసుకుని నాలుగుతో భాగిస్తారు. వచ్చినదాన్ని దానితోనే హెచ్చించి, అడుగుల్లో ఉన్న పొడవుతో మళ్లీ హెచ్చించి, 144తో భాగిస్తే ఘనపుటడుగులు. 48 అంగుళాల చుట్టుకొలత, 10 అడుగుల పొడవు ఉన్న దుంగ ఈ లెక్కలో సరిగ్గా 10 ఘనపుటడుగులు. నిజానికి అందులో ఉన్న కర్ర పన్నెండు ముప్పావు. పక్కచెక్కల తరుగు తీసేసే పాతకాలపు పద్ధతి ఇది, అందులో మోసం లేదు. మోసం మొదలయ్యేది కోత దగ్గర. దుంగ వంకరగా, పుచ్చుతో ఉంటే అసలు కర్రలో సగమే సైజుగా, అంటే కోసిన చెక్కగా దిగుతుంది, అంటే ఆరు చిల్లర. తిన్నగా ఉంటే అరవై శాతం, అంటే ఏడున్నర. ఆరు దిగినచోట ఏడున్నర రాసినా చూసేవాడికి అనుమానం రాదు. ఆ అడుగుంపావు సందే దొంగ కర్రకు ఇల్లు. రోజుకు ఇలాంటివి ఇరవై దుంగలు కోసే మిల్లులో ఆ సందుల్లోంచి సుమారు పాతిక ఘనపుటడుగుల సైజు కర్ర దూరిపోతుంది. మూడు దుంగలను ఏ రవాణా పర్మిటూ లేకుండా దించి, పర్మిటున్న కర్రగా అమ్ముకోవచ్చు. దుంగ మొదలు మీద అటవీ శాఖ కొట్టిన సుత్తి ముద్రంటారా? అంగుళం మందాన బిళ్ల కోసేస్తే పొట్టుతో పాటు అదీ పోతుంది.

రిజిస్టరు రాసే మిల్లులోనే ఇంత సందుంటే, అసలు రిజిస్టరే లేని మిల్లు సంగతేమిటి? రుసుం కట్టించుకుని లైసెన్సు ఇస్తే అది రేపటి కోతకు. పదేళ్లుగా కోసిన కర్ర ఏ కొండ నుంచి దిగింది, ఏ పర్మిటు మీద వచ్చింది అన్న ప్రశ్న ఆ రసీదుతోనే ముగిసిపోతుంది. అపరాధ రుసుం అసలు గుట్టు ఇదే. నిన్నటి దొంగతనానికి అది చెల్లు చీటీ.

ఇంకో మాట. అనుమతి లేని షెడ్లలో ఎక్కువగా కనిపించేది చవగ్గా దొరికే సర్క్యులర్ రంపం. దాని కోత వెడల్పు 5 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. పట్టీలా తిరిగే బ్యాండ్ రంపం పదునుగా, సరైన బిగువుతో ఉంటే దానిది అందులో సగం. 12 అంగుళాల దిమ్మెలోంచి అంగుళం మందం పలకలు తీస్తే బ్యాండ్ రంపానికి పదకొండు దిగుతాయి, సర్క్యులర్ రంపానికి పదే. ఆ పదకొండో పలక పొట్టయిపోతుంది. చక్రానికి తొడుగుండదు, కోత మూసుకోకుండా వెనక ఆపే చీలిక కత్తి ఉండదు. తేమ ఆరని కర్ర కోత దగ్గర మూసుకుని చక్రాన్ని పట్టేస్తే దుంగ వెనక్కి, మనిషి మీదికి తన్నుతుంది. కూలీల బతుకుల గురించి ఇవాళ ఇంత బాధపడుతున్నవారు ఆ తొడుగు ఎందుకు పెట్టించలేదో కూడా చెబితే బాగుంటుంది.

ఈ రంపాల చూపు ఇప్పుడు ఏజెన్సీ కాఫీ తోటల మీద ఉంది. అరకు, పాడేరు, చింతపల్లి కాఫీకి నీడ సిల్వర్ ఓక్. దాని మొదలు చుట్టూ మిరియాల పాదు. నిటారుగా పెరిగే ఆ చెట్టు వెనీర్ మిల్లుకు వెన్నముద్ద. లేత్ మీద దుంగ గుండ్రంగా తిరుగుతుంటే కత్తి కాగితం చుట్టలా పొర విప్పుకుంటూ పోతుంది, చివరికి చేతికర్రంత మొద్దు మిగులుతుంది. గిరిజన రైతుకు చెట్టు డబ్బు ఒక్కసారే. నీడ పోయిన కాఫీ ఎండకు మాడితే, ఎక్కే ఆసరా లేక మిరియం పడిపోతే, ఆ నష్టం ప్రతి ఏడాదీ. కొండ కింద లెక్కలేనన్ని రంపాలకు చట్టబద్ధత ఇచ్చి, కొండ మీద నీడను కాపాడతామంటే నమ్మేదెవరు?

ఇక చిన్నవాళ్ల దగ్గర చూపే ప్రతాపం చూడండి. పెరట్లో చెట్టు కొట్టుకోవాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి తెచ్చుకోవాలి. తెచ్చుకోవాల్సిందే, కాదనం. ఏటికొప్పాక లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బొమ్మకు కావాల్సింది మణికట్టంత అంకుడు కొమ్మ. ఆ కొమ్మకు సవాలక్ష ప్రశ్నలు, లారీ దుంగలకు ఒకే ఒక్క చలానా! 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నేలకూల్చిన విశాఖ నగరం చెట్లలోనూ పలకలయ్యే మాను చాలానే వంటచెరకు కింద పోయింది. రోడ్డు పక్క చెట్టును మిల్లువాడు ముట్టుకోడు. బోర్డుల కోసం కొట్టిన మేకులు మానులో మునిగిపోయి ఉంటాయి, ఒక్కటి తగిలినా బ్యాండ్ రంపం పళ్లు రాలిపోతాయి. మేకులు కొట్టినవాడి దగ్గర పైసా వసూలు చేయలేని యంత్రాంగం, మిల్లుల దగ్గర మాత్రం వసూలుకు సంచి పట్టుకుని సిద్ధంగా ఉంది.

తోటల కర్ర కోసే మిల్లులు ఉండాల్సిందే. సరుగుడు, నీలగిరి, సుబాబుల్ పండించే రైతుకు దగ్గర్లో కొనేవాడు కావాలి. అలాంటి మిల్లులు కొత్తగా దరఖాస్తు పెట్టుకుని, కలప లభ్యత లెక్క తేలాక, వరసలో నిలబడి లైసెన్సు తీసుకోవాలి. ఈలోగా వాటి మోటార్లు ఆగాలి. పాత కోతల లెక్క తీయడానికి కమిటీలు అక్కర్లేదు. 30 హార్స్‌పవర్ మోటారు నిండు బరువుతో గంటసేపు తిరిగితే 22 యూనిట్లకు పైనే కాలుతుంది. ప్రతి షెడ్డు పేరు మీదా కరెంటు బిల్లులున్నాయి, కరెంటు పంపిణీ చేసే డిస్కం దగ్గర నెలవారీ రీడింగులున్నాయి. యూనిట్లు ఒక పక్క, రవాణా పర్మిట్లు ఒక పక్క పెట్టి చూస్తే ఎవరు ఎంత దొంగ కర్ర కోశారో ఒక్క మధ్యాహ్నంలో బయటపడుతుంది. అటవీ శాఖ ఆ బిల్లులు ఇంతవరకు ఎందుకు అడగలేదు? రుసుం ఎంతన్నది తర్వాత తేల్చుకోవచ్చు, ముందు దీనికి సమాధానం చెప్పండి.