వీలునామాకు నకలు

వీలునామాకు స్టాంపు కాగితం అక్కరలేదు, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. తెల్లకాగితం మీద రాసి సంతకం చేసి, ఇద్దరు సాక్షుల చేత సంతకాలు పెట్టిస్తే 1925 నాటి భారత వారసత్వ చట్టం తృప్తి పడుతుంది. తెనాలిలో ఉండే మా పెదనాన్నగారు మాత్రం తృప్తి పడలేదు. హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి కనుక, నకలు లేని కాగితం ఆయన దృష్టిలో కాగితమే కాదు. జిరాక్సు కొట్టుకు వెళ్లి, నకళ్లను భద్రంగా కవరులో పెట్టుకుని, చిల్లర లెక్కచూసుకుని, అసలును మాత్రం మిషను అద్దం మీదే వదిలేసి ఇంటికి వచ్చారు.

తరువాత ఆధార్ కార్డు పెట్టబోయి మూత ఎత్తిన పెద్దమనిషి మా వీధివారే. ఆయన దాన్ని ఆసాంతం చదివి, ఆ తరువాతే తెచ్చి ఇచ్చారు.

వీలునామా రాసినవారు పోయాకే అమలులోకి వస్తుందని చట్టం అంటుంది కానీ, ఇది ఆ సాయంత్రమే అమలులోకి వచ్చింది. ఇల్లు దక్కనున్న చిన్నకోడలు మామగారి మధుమేహాన్ని మరచి కాఫీలో పంచదార వేసింది. పొలం దక్కనున్న పెద్దకొడుకు, ఇంటి ధర ఎంత పలుకుతుందో వాకబు చేసి ముఖం మాడ్చుకున్నాడు. నగలు తప్ప మరేమీ లేదని తెలిసిన అల్లుడుగారు ఫోనులో మావగారి రక్తపోటు అంకెలు అడిగి మరీ రాసుకున్నారు. అసలు చిక్కంతా “మిగిలిన సామానును పిల్లలు సామరస్యంగా పంచుకోవలెను” అన్న వాక్యంతో వచ్చింది. ఆ మిగిలిన సామానులో తాతగారి నాటి టేకు పడకకుర్చీ ఉంది. ఈ వాక్యం రాసినప్పుడు ఆయనకు తన పిల్లలు గుర్తుకు రాలేదేమోనని నా అనుమానం.

చివరి పేజీలో ఆయన తన అభిప్రాయాలను కూడా రాసిపెట్టారు: తెల్లవారుజామున లేవవలెను, అప్పు చేయరాదు, ఎవరికీ హామీ సంతకం పెట్టరాదు. ఈ ఆస్తిని మాత్రం ముగ్గురూ ఎదుటివారికి ఉదారంగా వదిలేశారు.

ఎన్ని వీలునామాలు రాసినా చివరిదే చెల్లుతుందని వకీలుగారు చెప్పడంతో పెదనాన్నగారికి కొత్త బలం వచ్చింది. కూరలో ఉప్పు తగ్గితే చాలు, “కాగితం మారుస్తాను” అంటున్నారు. ప్రతిసారీ సంతకానికి రాలేక పార్కు స్నేహితులిద్దరూ నడక వేళే మార్చుకున్నారు. సాక్షులు మీకంటే చిన్నవాళ్లయితే మేలని వకీలుగారు ముందే అన్నారు కానీ, చిన్నవాళ్ల మాట మీద ఆయనకు నమ్మకం లేదు.

పడకకుర్చీని పెద్దకొడుకు నవారు మార్పిస్తానని చెప్పి మొన్న ఆటోలో వేయించుకుపోయాడు. పెదనాన్నగారు ప్రస్తుతం ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని నాలుగో వీలునామా రాస్తున్నారు.