విశ్వాసం ఉన్నంత మాత్రాన దుఃఖం తొందరగా తీరదు

దైవంపై నిజమైన విశ్వాసం ఉన్నవారు ఆత్మీయుల మరణం నుంచి త్వరగా కోలుకుంటారని మీరు మీ వ్యాసంలో రాశారు. నా అనుభవం ఇందుకు భిన్నం. అమ్మ పోయి నాలుగేళ్లయింది. ఆమె నేర్పిన ప్రార్థననే నేను ఇప్పటికీ రోజూ చేస్తాను. అయితే మొదటి ఏడాదంతా ఆ మాటలు పెదవుల మీదికి వచ్చేవే గానీ మనసులోకి దిగేవి కావు. దేవుడి మీద కోపం కూడా వచ్చింది. ఆ కోపాన్ని ఆయనతోనే చెప్పుకున్నాను. విశ్వాసమే లేకపోతే ఎవరితో చెప్పుకునేదాన్ని?

మీరు ప్రస్తావించిన దుఃఖపు అయిదు దశల (నిరాకరణ, కోపం, బేరమాడటం, కుంగుబాటు, అంగీకారం) గురించి ఒక మాట. మనోవైద్యురాలు ఎలిజబెత్ క్యూబ్లర్ రాస్ 1969లో వాటిని వివరించింది మరణానికి చేరువైన రోగులతో జరిపిన సంభాషణల ఆధారంగా. ఆప్తులను కోల్పోయినవారికి వాటిని అన్వయించడం తర్వాత జరిగింది, పైగా అందరూ ఆ వరుసలోనే నడవాలన్న నియమమేమీ లేదు. పోయినవారితో బంధం తెంచుకుంటేనే మనసు కుదుటపడుతుందన్న పాత అభిప్రాయాన్ని 1996లో డెన్నిస్ క్లాస్, ఆయన సహ పరిశోధకులు ప్రశ్నించి, ఆ బంధం రూపు మార్చుకుని కొనసాగడం సహజమేనని వాదించారు. అది తెలిసినప్పుడు నాకు కలిగిన ఊరట ఇంతా అంతా కాదు, ఎందుకంటే అమ్మ చేతిరాత ఉన్న ఒక కాగితాన్ని దాచుకోవడం బలహీనత అని అప్పటికే చాలామంది నాతో అన్నారు.

ఆ కాగితంలో ఉన్నవి, ఆమె ఎవరెవరి కోసం ప్రార్థించాలనుకుందో వారి పేర్లు. నా పేరు రెండుసార్లు ఉంది. ఇప్పుడు ఆ పేర్లన్నీ నేను చదువుతున్నాను, చివర ఆమె పేరు కూడా కలుపుకుని.