మొహం కనబడే స్లీవు

రాజోలు దిగువన రొయ్యల చెరువున్న ప్రతి మనిషీ పంపు షాఫ్టు స్లీవు, అంటే పంపులో తిరిగే ఇరుసు అరగకుండా దాని మీద తొడిగే గొట్టం, కొనడానికి వెళ్లేటప్పుడు జేబులో దువ్వెన పెట్టుకోవాలని నా మనవి. కౌంటరు వెనకున్న పెద్దమనిషి ముందుగా చేసే పని స్లీవుని మన మొహం ముందు పెట్టడమే.

"ఆయ్, చూసుకోండి. అద్దంలా ఉందండి. నికెల్ హార్డ్ కోటింగండి."

చూసుకున్నాను. ఎడమ మీసం కుడిదాని కంటే పొడుగ్గా ఉంది. ఆయన దాన్ని లుంగీ కొసతో మళ్లీ తుడిచి, రూపాయి బిళ్లతో టంగుమని కొట్టి, వీణ శ్రుతి చూసే విద్వాంసుడిలా ఆ మోత ఆగేదాకా కళ్లు మూసుకున్నాడు. పక్కనున్న కుర్రాడూ మూసుకున్నాడు. మర్యాదకి నేనూ మూసుకున్నాను. బిల్లు అప్పుడే రాసేసినట్టున్నారు.

నికెల్ స్వతహాగా మెత్తన. రసాయనాల స్నానంలో ముంచితే, కరెంటు లేకుండానే, ఉక్కు మీద నికెల్-ఫాస్ఫరస్ పొర పడుతుంది. అప్పటికి గట్టిదనం, వికర్స్ అనే కొలతలో, 500, 600. సుమారు 400 డిగ్రీల కొలిమిలో గంటసేపు ఉంచితే నికెల్ ఫాస్ఫైడ్ రేణువులు పుట్టి 900 చేరుతుంది. ఇసక నీళ్లకైతే క్రోమియం, బోరాన్, సిలికాన్ కలిసిన నికెల్ పొడిని మంటతో చల్లి, వెయ్యి డిగ్రీలు దాటించి కరిగించి అతికిస్తారు. అది మిల్లీమీటరు మందం కూడా కట్టుకుంటుంది. మన అద్దం మీది పూత కంటే తల వెంట్రుకే లావు.

"కొలిమిలో పెట్టారా?" అన్నాను.

"ఎందుకండీ, కాలిస్తే మెరుపు పోదండీ?"

మెరుపు రెండు నెలల్లో దానంతటదే పోయింది. నీళ్లు కారకుండా, గాలి దూరకుండా స్లీవు చుట్టూ బిగించే గ్లాండ్ తాడు కింద ముందు గీతలు, తర్వాత వేలి గోరు దిగేంత గాడి. ఓ తెల్లవారుజామున, చెరువులో ఆక్సిజన్ అడుగంటే వేళకి రొయ్య పైకి తేలింది. ఏటి నీళ్లు పెడదామని పంపు వేస్తే గ్లాండులోంచి గాలి పీలుస్తోందే తప్ప చుక్క ఎక్కదు. మేత బాకీ, పిల్ల బాకీ, లీజు బాకీ ఉన్నవాడు ఆ చీకట్లో గట్టు మీద నిలబడి బకెట్టుతో నీళ్లు జల్లుతున్నాడురా, వెధవల్లారా! ఒక్క గంట. ఒక్క గంట కొలిమి వెలిగించడానికి మీకు చేతులు రాలేదు. మెరుపట, మెరుపు!

గాడిపడ్డ స్లీవు పట్టుకెళ్లి కౌంటరు మీద పెట్టాను. పెద్దమనిషి దాన్ని వేలితో తడిమి, ఎంతో బాధగా అడిగాడు.

"ఉప్పునీళ్లలో గానీ వాడారాండీ?"

నేను నోరు తెరిచేలోగా కొత్తది తీసి, రూపాయి బిళ్ల కోసం జేబు వెతుక్కుంటున్నాడు.