మస్టరు ఎవరి చేతిలో ఉంది?

పౌరుడికీ ప్రభుత్వానికీ మధ్య సంబంధం గురించి మన దగ్గర జరిగే చర్చంతా ఎంత ఇచ్చారు, ఎంతమందికి ఇచ్చారు, ఎవరి హయాంలో ఇచ్చారు అన్న లెక్కల చుట్టూనే తిరుగుతుంది. పుచ్చుకున్నవారు ఇచ్చినవారిని నిలదీయగలరా అన్న ప్రశ్న అందులో అరుదుగా వినిపిస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీ పేరుతో కొన్నేళ్ల పాటు ఆ ప్రశ్నకు సమాధానం వెతికే గట్టి ప్రయత్నం జరిగింది. దాని గెలుపోటములు ఇప్పటికీ పాఠంగా పనికొస్తాయి.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైనప్పుడు అందరి కళ్లూ ఏడాదికి 100 రోజుల పని మీదే ఉన్నాయి. ఆ చట్టంలోని 17వ సెక్షన్ మీద మాత్రం పెద్దగా ఎవరి దృష్టీ పడలేదు. ఊళ్లో జరిగిన పనులన్నిటి మీదా గ్రామసభ సామాజిక తనిఖీ జరపాలని, మస్టర్లు (కూలీల హాజరు పట్టికలు), బిల్లులు, కొలతల పుస్తకాలు అందుకు అందుబాటులో ఉంచాలని ఆ సెక్షన్ చెప్పింది. ఈ ఆలోచన రాజస్థాన్ పల్లెల నుంచి వచ్చింది. అక్కడ మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం 1994లో బహిరంగ విచారణలు మొదలుపెట్టి, ప్రభుత్వ బిల్లులను జనం ముందు చదివించింది. సమాచార హక్కు చట్టం వెనుక ఉన్నదీ ఆ పోరాటమే. రాజస్థాన్‌లో కూలీలు కొట్లాడి సాధించుకున్న పద్ధతిని మన దగ్గర ప్రభుత్వమే పిలిచి అమలు చేసింది. 2009లో ఇందుకోసం ప్రత్యేకంగా ఒక సొసైటీని ఏర్పాటు చేసింది. ఈ తేడా చిన్నది కాదు. తనిఖీ ఇక్కడ అంత వేగంగా రాష్ట్రమంతా విస్తరించడానికీ, తర్వాత ఒకచోట ఆగిపోవడానికీ కారణం అదే.

పని జరిగే తీరు చూస్తే అందులోని తెలివి అర్థమవుతుంది. కూలీల కుటుంబాల్లోని చదువుకున్న యువతీ యువకులకు శిక్షణ ఇచ్చి, సొంత ఊరికి కాకుండా వేరే ఊరికి పంపేవారు. వారు మస్టర్ల నకళ్లు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, జాబ్ కార్డులో ఉన్న రోజులూ, కూలీ చెప్పిన రోజులూ, చేతికందిన డబ్బూ సరిచూసేవారు. తవ్వామన్న కుంటను వెళ్లి కొలిచేవారు. గ్రామసభలో వివరాలు చదివాక, మండల కేంద్రంలో షామియానా కింద ప్రజావేదిక పెట్టేవారు. చనిపోయినవారి పేరున పడిన హాజరు, పనికి రానివారి పేరున తీసిన కూలి అక్కడ మైకులో బయటపడేవి. హాజరు వేసే ఫీల్డ్ అసిస్టెంటు, పని కొలిచే టెక్నికల్ అసిస్టెంటు అందరి ముందూ లేచి నిలబడి జవాబు చెప్పుకోవలసి వచ్చేది.

ఊళ్లో అయితే కూలీ నోరు విప్పడం కష్టం. రేపు పని చూపించాల్సింది ఆ ఫీల్డ్ అసిస్టెంటే, అతని వెనుక ఊరి పెద్దో, అధికార పార్టీ నాయకుడో ఉంటాడు. బయటి ఊరి తనిఖీదారు, మండల కేంద్రంలోని వేదిక, ఎదురుగా కూర్చున్న పై అధికారి, ఈ మూడూ కలిసి ఆ భయాన్ని కొంత తగ్గించాయి. ప్రజలు ముందుకు రావడం లేదని వాపోయే పెద్దమనుషులు ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే మంచిది.

తర్వాత ఏమైంది అన్నదే అసలు చిక్కు. అక్రమాలు బయటపడ్డాయి గానీ, స్వాహా అయిన సొమ్ములో తిరిగి రాబట్టింది కొంతే. తనిఖీదారులకు తప్పు ఎత్తిచూపే అధికారమే తప్ప శిక్షించే అధికారం లేదు. చర్య తీసుకోవాల్సింది పథకాన్ని నడిపే శాఖే. సస్పెండైన కింది ఉద్యోగి కొన్నాళ్లకు మళ్లీ సీట్లో కనిపిస్తే, వేదికెక్కి సాక్ష్యం చెప్పిన మనిషి పరిస్థితి ఏమిటి? నా ఉద్దేశంలో ఈ ప్రయోగం తడబడింది ఇక్కడే. అడిగే హక్కును కిందికి దించిన ప్రభుత్వం, పర్యవసానాన్ని మాత్రం పైన తన దగ్గరే అట్టిపెట్టుకుంది.

ఆ తర్వాత సాంకేతికత వచ్చింది. 2023 జనవరి నుంచి పని ప్రదేశాల్లో రోజుకు రెండుసార్లు మొబైల్ యాప్‌లో ఫొటోతో హాజరు తప్పనిసరి చేశారు. 2024 జనవరి నుంచి ఆధార్ ఆధారిత చెల్లింపు తప్పనిసరైంది. దొంగ హాజరును అరికట్టాలన్న ఉద్దేశంలో తప్పు లేదు. అయితే నెట్‌వర్క్ లేక ఫొటో ఎక్కకపోయినా, ఆధార్ అనుసంధానంలో పొరపాటు జరిగినా నష్టపోయేది కూలీ, ఆ సంగతి చెప్పుకోవడానికి ఎదురుగా మనిషి ఉండడు. కాగితం మస్టరును గ్రామసభలో బిగ్గరగా చదివించవచ్చు. సర్వర్లోని ఫొటోను ఎవరు, ఎక్కడ, ఎవరి సమక్షంలో సరిచూడాలి? ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చి 2024 వరకు నడిచిన వలంటీర్ల వ్యవస్థనూ ఇలాగే చూడాలి. ఇంటికే పింఛను అందడం వృద్ధులకు నిజమైన ఊరట, దాన్ని తక్కువ చేయలేం. కానీ 50 ఇళ్లకు ఒకరుగా నియమితులైన వలంటీరు జవాబుదారీగా ఉన్నది పైవారికే గాని ఆ 50 ఇళ్లకు కాదు, ఎన్నికైన పంచాయతీకీ కాదు.

కాబట్టి అధికార సంబంధం మారాలంటే ముందు కొన్ని మామూలు ఏర్పాట్లు కావాలి. ప్రజావేదికలో తేలిన ప్రతి అక్రమానికీ గడువు పెట్టి, రికవరీ వివరాలను మరుసటి గ్రామసభలో చదవాలి. చర్యల నిర్ణయం పథకాన్ని నడిపే శాఖ చేతిలో కాక, స్వతంత్ర అధికారి చేతిలో ఉండాలి. తనిఖీ విభాగానికి నిధులు ఆ శాఖ దయాదాక్షిణ్యాల మీద కాకుండా, ఆలస్యం లేకుండా నేరుగా అందాలి. సాక్ష్యం చెప్పిన కుటుంబానికి తర్వాతి సీజన్లో పని దొరికిందో లేదో కూడా తనిఖీ అంశాల్లో చేర్చాలి.